నాలుగు వేల కాళ్లకు ఒక్క యజమాని

కృత్రిమ కాళ్లు తయారు చేసే ఆ వర్క్‌షాపులో అందరూ అతన్ని పట్టీలాయన అంటారు. పందొమ్మిదేళ్లు కాళ్లకు తోలు పట్టీలు కుట్టాడు. ఇప్పుడు కుట్టేది తక్కువ, కంప్యూటరు ముందు కూర్చునేది ఎక్కువ. అయినా పేరు మారలేదు. ఎవరైనా కొత్తవాళ్లు "ప్రోగ్రామరుగారూ" అని పిలిస్తే, తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూస్తాడు.

ప్రోగ్రాములు రాయడం అతనికి ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. దానికి మొదటి అరవై పేజీలు లేవు. అందుకే కంప్యూటరంటే ఏమిటో అతనికి ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. దానితో ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళ, కుట్టుడు బల్ల మీదే తోలు ముక్కలు పక్కకు నెట్టి కీబోర్డు పెట్టుకుని సాధన చేశాడు. రెండేళ్లకు వర్క్‌షాపులో చెప్పుల డబ్బాల్లో ఉండే కార్డులన్నీ కంప్యూటరులోకి వచ్చాయి. ఏ గదిలోంచైనా ఎవరి కాలు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. డబ్బాల్లో ఉన్నప్పుడు కుడికాలి కార్డు ఎడమకాలికి అంటుకుపోయేది. ఇప్పుడు ఆ బాధ పోయింది.

కొత్త బాధ వచ్చింది. ఎవరైనా ఏ కార్డునైనా దిద్దొచ్చు. ఒకరోజు లిఫ్టు కోసం ఆగినవాళ్లెవరో ఖాళీ తెర ముందు కూర్చుని, ఊరికే ఉండలేక, ఒక హెడ్మాస్టరు కుడికాలు పొడవులోంచి రెండు సెంటీమీటర్లు తీసేశారు. ఆయన ఆ కాలు తొడుక్కుని ప్రార్థన సమావేశంలో నిలబడితే పిల్లలంతా తలలు పక్కకు వంచి చూశారట. అప్పుడు పట్టీలాయన పుస్తకంలో హక్కుల అధ్యాయం తీశాడు.

ఇలాంటి పనులకు ఫ్రేమ్‌వర్క్ అని ముందే కట్టిపెట్టిన చట్రం ఒకటి ఉంటుంది. తలుపులు, తాళాలు అన్నీ అదే బిగించి ఇస్తుంది. మనం చెప్పవలసింది ఒక్కటే: ఈ రికార్డు ఎవరిది? అది చెబితే, దిద్దే బొత్తాన్ని వాళ్లకు చూపిస్తుంది, మిగతావాళ్లకు దాచేస్తుంది. చెప్పకపోతే తనకు తోచింది తాను అనుకుంటుంది: ఎవరు తెరిచారో వాళ్లదే. అనుభవం లేని చేతికి అది సబబుగానే కనిపించింది. అలాగే వదిలేశాడు. ఆ అధ్యాయంలో మిగతా పది పేజీలు ఉన్నాయి గాని, ఆ రోజు పట్టీలు పది జతలు బాకీ ఉన్నాయి.

ఆ వర్క్‌షాపులో కార్డు తెరిచేది ఒక్కరే. గుమ్మం పక్కన కూర్చునే రిసెప్షనమ్మాయి. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఏ కాలు అని అడిగి కార్డు తెరుస్తుంది. తర్వాత కొలతలు, అచ్చు, చెక్కడం, పట్టీ అన్నీ ఆ కార్డు కిందే చేరతాయి. పట్టీ ఎవరిదని అడిగితే పట్టీ రికార్డు కాలు రికార్డును అడుగుతుంది, కాలు కార్డును అడుగుతుంది, కార్డు గుమ్మం వైపు వేలు చూపిస్తుంది. అలా ఎనిమిది నెలల్లో, డబ్బాల్లోంచి తనే ఎక్కించిన పాతవీ కొత్తవీ కలిపి నాలుగు వేల మూడు వందల కాళ్లకు ఆ అమ్మాయి ఏకైక యజమాని అయింది. తర్వాత ప్రసవానికి సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లింది.

కొలతలు తీసే టేపుమామకు యాభై ఎనిమిదేళ్లు, మెడలో ఎప్పుడూ టేపు. ఏదైనా దిద్దాలంటే ఫోను చేసేవాడు.

"అమ్మాయ్, నీ కాలొకటి ఇక్కడ ఆగిపోయింది."

"ఏ కాలు బాబాయ్?"

"ఎడమది. ఆ గడ్డం ఆయనది."

"మెల్లిగా మాట్లాడు, పాప ఇప్పుడే పడుకుంది. ఆఁ, చెప్పు."

"పొడవు నలభై రెండున్నర. మడమ ఒక డిగ్రీ లోపలికి."

"డిగ్రీ ఎక్కడ కొట్టాలి? అదిగో లేచింది. ఇదంతా నీ మడమ వల్లే. ఒక్క నిమిషం."

వెనక నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించేది. "ఎవరే ఫోను?"

"ఆఫీసమ్మా. మడమ తిప్పాలట."

పిల్లను ఒళ్లో వేసుకుని, ఒంటి చేత్తో ఫోనులోనే ఆమె వర్క్‌షాపునంతా నడిపింది. నిజం చెప్పాలంటే ఆమె సీట్లో ఉన్నప్పటికంటే బాగానే నడిచింది. తర్వాత పాపను తీసుకుని అత్తగారి ఊరు వెళ్లింది. అక్కడ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలట. బాలింత ట్యాంకెక్కదు. వర్క్‌షాపు ఆగిపోయింది.

ఆగినవాటిలో కండక్టరమ్మ కాలు ఒకటి. ఆమె పదమూడేళ్లు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. డిపోలో వెనక్కి వస్తున్న బస్సు కింద ఎడమకాలు మోకాలి దిగువన పోయింది. పద్దెనిమిదో తారీకున డిపోలో పరీక్ష. చేతులు వదిలేసి బస్సు మెట్లు మూడూ ఎక్కి దిగాలి. దిగగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. రెండో అవకాశం ఇవ్వరు.

ఆమె కాలు తయారైంది గాని పట్టలేదు. మోకాలి కింద మిగిలిన భాగం కూర్చునే గిన్నెలాంటి సాకెట్ బిగుతుగా ఉంది. టేపుమామ మళ్లీ కొలిస్తే మోకాలి కింద చుట్టుకొలత ముప్పయి నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. కంప్యూటరులో ముప్పయి ఒకటి ఉంది. లోపలి మెత్తటి తొడుగు, సాకెట్ సామాను ముప్పయి నాలుగువి కావాలి. స్టోరు కీపరు తెర చూసి ముప్పయి ఒకటే ఇస్తానన్నాడు. టేపుమామ దిద్దబోతే తెర మీద వచ్చింది: ఈ రికార్డు మీది కాదు.

"ఆ పిల్ల తప్పు కొట్టి పోయింది. ధ్యాసంతా కడుపులో బిడ్డ మీద. వెనక నుంచి నువ్వు మార్చెయ్ అల్లుడూ," అన్నాడు పట్టీలాయనతో.

"మార్చను మామా."

"నీకు తాళాలన్నీ ఉన్నాయిగా."

"ఉన్నాయి. ఒకసారి ఎవరో ఫోనులో చెబితే మార్చాను. ఎడమకాలి అంకె కుడికాలికి పడింది. ఆ మనిషి పదకొండు రోజులు ఓర్చుకుని నడిచాడు, తప్పు తనదే అనుకుని. నేను కొలవని అంకె నేను ముట్టను."

"అయితే ఆమె ఉద్యోగం పోనీ." టేపుమామ ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడం మానేశాడు.

పన్నెండో తారీకున డైరెక్టరుగారు సమావేశం పెట్టారు. బయట నుంచి సలహాదారు ఒకాయన వచ్చాడు. ఎనభై నాలుగు స్లైడ్లు తెచ్చాడు. ప్రతి మూడో దాని మీద రెండు చేతులు కలిసి ఉన్న బొమ్మ ఉంది. యాజమాన్యం అనేది ఒక దృక్పథం అన్నాడు. అందరూ రాసుకున్నారు. తర్వాత రికార్డులు ఎవరివన్న చర్చ మొదలైంది.

"కాలు తీసింది నేను. రికార్డు నాది," అన్నాడు సర్జను.

"నడిపించేది మేము," అంది వ్యాయామం చేయించే ఫిజియో మేడమ్.

"సామాను నా దగ్గర నుంచి పోతుంది," అన్నాడు స్టోరు కీపరు.

"అసలు రికార్డు రోగిది కదా," అన్నారెవరో. ఆ మాటకు అందరూ గంభీరంగా తలూపి తర్వాతి విషయానికి వెళ్లారు. కండక్టరమ్మ అప్పుడు బయట బెంచీ మీద, పట్టని కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

చివరికి డైరెక్టరుగారు తేల్చారు. "సంస్థకు పెద్దను నేను. కాబట్టి అన్నీ నావే. సాయంత్రానికి మార్చెయ్యవయ్యా."

"మారుస్తాను సార్," అన్నాడు పట్టీలాయన. "ఒక్క మాట. ఫిర్యాదులు కూడా యజమానికే వెళ్తాయి."

"వెళ్లనీ. మంచిదే."

అంతవరకూ ఫిర్యాదులు రిసెప్షనమ్మాయి తెర మీదికి వచ్చేవి. ఎవరి పని వాళ్లకు ఆమే చెప్పి చేయించేది. అలాంటివి ఉంటాయనే డైరెక్టరుగారికి తెలియదు. మర్నాడు పొద్దున ఆయన తెర తెరిస్తే రెండు వందల పన్నెండు ఉన్నాయి. చెమట పడితే జారుతోంది. మెట్లు దిగితే కిర్రుమంటోంది. పాదం పడమటికి చూస్తోంది. ఆయన ఏడోది చదువుతుండగా టేపుమామ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు.

"ముప్పయి ఒకటిని ముప్పయి నాలుగు చెయ్యాలండి."

"ముప్పయి నాలుగే ఒప్పని నాకెలా తెలుస్తుంది? నేను కొలవలేదుగా."

"నేను కొలిచానండి."

"అయితే నువ్వే మార్చు."

"నాది కాదంటోందండి. మీదట."

డైరెక్టరుగారు పట్టీలాయనకు కబురు పెట్టారు. పదకొండు గంటలకల్లా కాళ్లన్నీ సర్జను పేరు మీదికి మారాయి. సర్జను ముప్పయి ఒకటిని చూసి, "నేను కోశాను, కొలవలేదు," అని ఒంటిగంటకు ఫిజియోకు పంపాడు. ఆమె కూడా కొలవలేదు. మూడున్నరకు అవి స్టోరు కీపరుకు చేరాయి. ఒక్కరోజులో నాలుగు వేల మూడు వందల కాళ్లు ఒక్క అడుగు వెయ్యకుండా మూడంతస్తులు తిరిగాయి. ప్రతిసారీ యజమాని ఎవరన్న ఆ ఒక్క మాట మార్చింది పట్టీలాయనే. చెప్పినవాళ్ల పేరు, సమయం ఒక కాగితం మీద రాసుకుంటూ మార్చాడు.

"ఇప్పుడు నీదేగా, దిద్దు," అన్నాడు టేపుమామ స్టోరు కీపరుతో.

"దిద్దాలంటే ముప్పయి నాలుగు సైజు స్టోరులోంచి ఇచ్చినట్టు చీటీ ఉండాలి."

"అయితే ఇవ్వు."

"ఇవ్వాలంటే రికార్డులో ముప్పయి నాలుగు ఉండాలి." అని తాళం వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అదే కష్టం.

ఆ సాయంత్రం పట్టీలాయన ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఈ సంగతంతా చెప్పాడు. అతని భార్య బడిలో సైన్సు ల్యాబు చూసుకుంటుంది.

"ఇందులో అంత ఆలోచించేదేముంది," అందామె. "మన గ్యాసు కనెక్షను పదకొండేళ్లుగా మా నాన్న పేరు మీదే ఉంది. బండ వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఫోను పోతుంది, ఆయన నాకు చేస్తారు. పొయ్యి ముందు ఉండేది నేను. మీకు అది ఎప్పుడైనా వింతగా అనిపించిందా?"

"లేదు."

"అనిపించదు. అన్నం వస్తోందిగా."

మర్నాడు అతను కంప్యూటరు తెరవలేదు. ప్లాస్టరు గదికి వెళ్లి ఒక మూల నిలబడ్డాడు. టేపుమామ అతన్ని చూసి చూడనట్టు ఒక ముసలాయన కాలికి అచ్చు తీస్తున్నాడు. తడి మేజోడు తొడిగి, ఎముక పైకి తేలే చోట్ల ఊదా పెన్సిలుతో గీతలు పెట్టాడు. దాని మీద ప్లాస్టరు బట్ట చుట్టి, గట్టిపడ్డాక లాగి తీశాడు. మేజోడు మీది గీతలు అచ్చు లోపలికి దిగాయి. బయటివైపు తన గుర్తు, చిన్న సున్నా, వేసి తారీకు రాశాడు. పక్కనే అరల్లో పూర్తయిన అచ్చులున్నాయి. ఒక్కోదాని మీద సున్నా, దానికి జానెడు దూరంలో రెండు అడ్డగీతలు.

"ఈ గీతలెవరివి?" అని అడిగాడు పట్టీలాయన.

టేపుమామ జవాబివ్వకూడదనుకున్నాడు గాని, పని గురించి అడిగితే ఊరుకోలేడు. "చెక్కేవాడివి."

"నీ సున్నా చెరపలేదే?"

"నాదెందుకు చెరుపుతాడు? వాడు చెక్కింది ఇక్కడ. అక్కడ గుచ్చుకుంటే వాణ్ని పిలుస్తారు. కొలత తేడా వస్తే నన్ను."

"మొత్తం అచ్చు ఎవరిది మరి?"

"ఏమో. ముప్పయ్యేళ్లలో ఎవరూ అడగలేదు."

"చెక్కేవాడు సెలవులో ఉంటే వాడి గుర్తు నువ్వు వేస్తావా?"

టేపుమామ చేతులు కడుక్కోవడం ఆపి అతని వైపు చూశాడు. "పట్టిన చెయ్యే వెయ్యాలి. ఇంకొకడు వేస్తే అది గుర్తెలా అవుతుంది? నీకు జ్వరంగానీ వచ్చిందా?"

పట్టీలాయన పైకి వెళ్లాడు. తాను అడిగిన ప్రశ్నే తప్పని అతనికి అర్థమైంది. కాలు ఎవరిదని అడిగితే అది గుమ్మం దగ్గరికే పోతుంది, లేదా డైరెక్టరు గదికి పోతుంది. ఒక్కో పని ఎవరు చేశారని అడగాలి. అతను కార్డును నాలుగు ముక్కలు చేశాడు: పేరూ చిరునామా ఒకటి, కొలతా అచ్చూ ఒకటి, చెక్కుడు ఒకటి, పట్టీ ఒకటి. దేని యజమాని దానికే. టైపు చేసినవాళ్ల పేరు ఒకచోట, పని చేసినవాళ్ల పేరు వేరేచోట. పని చేసినవాళ్ల పేరు మరొకరు రాస్తే చెల్లదు. ఆ మనిషి తన తాళంతో, అంటే తన పాస్‌వర్డుతో, లోపలికి వచ్చి, ఇది నాదేనని ఒప్పుకోవాలి. తెలియకపోతే పై రికార్డును అడగమని ఫ్రేమ్‌వర్క్‌కు ఉన్న అలవాటును కూడా తీసేశాడు. తెలియకపోతే తెలియదని చెప్పాలి, ఎవరికీ తాళం తియ్యకూడదు. మొత్తం ముప్పయి ఆరు పంక్తులైంది. మూడు సార్లు తప్పు పోయింది. పాత పంక్తిని కొట్టేస్తూ, ఆ తప్పు తనదేనని దాని పక్కన తన పేరు రాసుకున్నాడు.

దాంతో పాత కొలతలన్నీ ఎవరివీ కాకుండా పోయాయి. ఒక్కోదాన్నీ తీసినవాళ్లు వచ్చి ఒప్పుకుంటేగాని తెరుచుకోవు. పదిహేనో తారీకు పొద్దున కండక్టరమ్మ కొలతతో మొదలుపెట్టారు. ఆమె బెంచీ మీంచి కర్రల సాయంతో వచ్చి తెర పక్కన నిలబడింది. స్టోరు కీపరు కూడా చూడ్డానికి వచ్చాడు.

తెర మీద ముప్పయి ఒకటి ఉంది. కింద, ఇది తీసింది ఎవరు, ఏ తారీకున, అని ఉంది.

"నా నోటుబుక్కు చూపిస్తే సరి," అన్నాడు టేపుమామ. "ఆ పిల్ల తప్పు కొట్టిందని రుజువవుతుంది. ముప్పయి నాలుగు రాసే ఉంటాను." కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. వేలు తడి చేసుకోబోయి మానేశాడు.

"ఏమైంది మామా?"

"ఏం లేదు."

"దొరకలేదా?"

"దొరికింది." పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. ఆయన గుండ్రటి అక్షరాల్లోనే ముప్పయి ఒకటి అని ఉంది, పక్కన సున్నా. "మోకాలి కింద రెండు వేళ్ల దగ్గర తీయాలి. నాలుగు వేళ్ల దగ్గర తీసినట్టున్నాను. ఆ పిల్ల నేను రాసిందే కొట్టింది."

రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. కొలత తప్పాడని ఆయన పేరు ఇంతవరకూ ఎక్కడా లేదు.

పట్టీలాయన గొంతు తగ్గించాడు. "మామా, ఇంకో దారి ఉంది. ముప్పయి ఒకటిని ఇలాగే వదిలేద్దాం, ఎవరిదీ కాకుండా. ఇవాళ్టి తారీకుతో ముప్పయి నాలుగు కొత్తగా రాయి. సామాను వస్తుంది."

"పాతది అలాగే ఉంటుందా?"

"ఉంటుంది. దాన్ని కొట్టెయ్యాలంటే అది నీదని ఒప్పుకోవాలి. లేకపోతే నీక్కూడా తాళం తియ్యదు."

"అంటే రేపు ఇంకెవడో దాన్ని చూసి ఆమెకు ముప్పయి ఒకటి తొడుగుతాడు."

"తొడగొచ్చు."

"జరుగు," అని టేపుమామ కుర్చీ లాక్కున్నాడు. తన తాళం కొట్టాడు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ముప్పయి ఒకటి కింద తన పేరు కొట్టి, తారీకు వేసి, ఒప్పుకున్నాడు. దిద్దే బొత్తాం కనిపించింది. అంకెను కొట్టేసి ముప్పయి నాలుగు వేశాడు. కారణం అడిగితే, తప్పు చోట కొలిచాను అని రాశాడు.

"తొమ్మిది రోజులు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ పిల్లను తిట్టించారు కదన్నా," అంది కండక్టరమ్మ.

"తిట్టించాను."

"నేను కూడా రెండు తిట్లు కలిపాను."

"అవి కూడా నా లెక్కలోనే వేసుకో. ట్యాంకెక్కమని చెప్పలేం గాని, ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తాను." తర్వాత స్టోరు కీపరు వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నావు? రికార్డులో ఉంది, తీసుకురా."

స్టోరు కీపరు తెరను రెండుసార్లు చదువుకుని వెళ్లి తెచ్చాడు.

డైరెక్టరుగారు ఆ వారమే ఒక సర్క్యులర్ పంపారు. తన దృక్పథం వల్ల సంస్థలో బాధ్యత పెరిగిందని అందులో ఉంది. కింద సంతకం లేదు. సంతకం ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదట.

రెండు రోజుల్లో కొత్త సాకెట్ పోశారు. పదిహేడో తారీకున కండక్టరమ్మ సాధన గదిలో చెక్కమెట్లు ఇరవై సార్లు ఎక్కి దిగింది. పద్దెనిమిదిన టేపుమామ సగం రోజు సెలవు పెట్టి పట్టీలాయన స్కూటరెక్కాడు. ఇద్దరూ డిపో గేటు బయట ఎండలో నిలబడ్డారు. గంటన్నర తర్వాత ఆమె నడుచుకుంటూ వచ్చింది. చేతిలో కర్రలు లేవు, ఒక కాగితం ఉంది.

"పాసయ్యానన్నా. సోమవారం నుంచి డ్యూటీ."

"ఎక్కడైనా గుచ్చిందా?" అన్నాడు టేపుమామ.

"లేదన్నా, పాసయ్యాను."

"అది విన్నాను. గుచ్చిందా?"

ఆమె పట్టీలాయన వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు.

"మూడో మెట్టు దిగేటప్పుడు కొంచెం. లోపలివైపు. పరీక్ష పెట్టిన డాక్టరుకు తెలియనివ్వలేదు."

టేపుమామ ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద కూర్చుని, సాకెట్ అంచు చుట్టూ వేలు తిప్పి చూశాడు. వచ్చేపోయేవాళ్లు వాళ్లను చుట్టుకుని పోతున్నారు.

"కాగితమంత మందం తియ్యాలి. డ్యూటీకి వెళ్లే ముందే రా. ఏడింటికి నేనుంటాను," అన్నాడు.

"మరి వీళ్లిచ్చిన కాగితం చూడరా?"

"చూస్తాలే, ముందు బరువు రెండో కాలి మీద వెయ్యి," అని జేబులోంచి ఊదా పెన్సిలు తీసి, గుచ్చిన చోట గీత పెట్టాడు.